యంత్రముల పంచాయతిలో బొమ్మ, బొరుసు

యంత్రములకు కూడ అభిప్రాయభేదములు ఉండునా అని కొందరు నవ్వవచ్చును. రెండును రెండును నాలుగే యని తడబడకుండ చెప్పుటకే కదా మనము వానిని నిర్మించుకొన్నది! యంత్రము ఒక్కటే ఉన్నంతకాలము ఈ నవ్వు న్యాయమైనదే. కాని నేడు మన డబ్బు లెక్క ఒక్క యంత్రములో లేదు. బ్యాంకు ఖాతాలో మన నిలువ ఎంత అన్న సంగతి వేరువేరు ఊళ్లలోని పలు కంప్యూటర్లలో వ్రాయబడి యుండును. ఒకటి చెడిపోయినను తక్కినవి పని నడపవలెనని ఆ ఏర్పాటు. ఒకే క్షణమున, ఒకే ఖాతా నుండి, రెండు ఊళ్లలో ఇద్దరు డబ్బు తీయబోయినచో ఎవరిది ముందు? ఆ ఊరి యంత్రము ఒక విధముగను ఈ ఊరి యంత్రము మరొక విధముగను వ్రాసికొన్నచో ఖాతా రెండుగా చీలిపోవును. కావున వానిలో వానికి ఒక ఒప్పందము కుదరవలెను. పైన కూర్చుండి తీర్పు చెప్పు పెద్దమనిషి ఎవరును లేకుండ, ఉత్తరముల వంటి వార్తలను ఒకదానికొకటి పంపుకొనియే అది కుదరవలెను.

ఈ ఒప్పందము కొరకు గణితజ్ఞులు నాణెము ఎగురవేయుటను ఎట్లు ఆశ్రయింపవలసి వచ్చెనో తెలుపుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. శాస్త్రజ్ఞులు సందేహమును తొలగించుటకు పాటుపడుదురని మనము వినియున్నాము. ఇచ్చట వారు తెలిసి తెలిసి సందేహమును ఇంటిలోనికి పిలిచి, దానిచేత చాకిరి చేయించుకొనిరి.

కథ విమానముతో మొదలగుచున్నది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట, తక్కువ ఇంధనముతో ఎగురు విమానముల కొరకు అమెరికాలో అన్వేషణ జరిగెను. అట్టి విమానము ఆకారమును తేలిక చేసినకొలది, అది గాలిలో తనంత తాను నిలకడగా ఉండు గుణమును కోల్పోవును. దానిని మనుష్యుని చేయి నిలుపజాలదు. కంప్యూటరు క్షణక్షణమును సరిదిద్దుచుండవలెను. అనగా కంప్యూటరు తప్పినచో విమానము కూలును. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా ఈ సమస్యను కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున గల ఎస్.ఆర్.ఐ. అను పరిశోధన సంస్థకు అప్పగించెను. అచ్చట రూపొందిన యంత్రమునకు సిఫ్ట్ అని పేరు. పలు కంప్యూటర్లు ఒకే లెక్కను వేరువేరుగా చేసి, ఆపైన ఓటు వేసికొని, హెచ్చు ఓట్లు వచ్చినదానిని అనుసరించుట దాని పద్ధతి.

ఒక కంప్యూటరు చెడినను పని జరుగుటకు మూడు ఉన్నచో చాలునని ఎవరికైనను తోచును. ఒకటి తప్పు చెప్పినను తక్కిన రెండును సరిగా చెప్పును కదా! ఆ సంస్థలో పనిచేయుచుండిన రాబర్ట్ షోస్టాక్ ఈ నమ్మకమును ప్రశ్నించెను. చెడిన యంత్రము అందరికిని ఒకే తప్పు చెప్పునని హామీ ఏమి? సగము తెగిన తీగ ఒకరికి ఒకటి యనియు, మరొకరికి సున్న యనియు వినిపింపవచ్చును. ఒక ఉదాహరణము చూడుడు. మూడు గడియారములు ఒకదానినొకటి అడిగి కాలము సరిచేసికొనుచున్నవి. మొదటిది చెడినది, అది రెండవదానితో పది గంటలని చెప్పి, మూడవదానితో పదకొండు గంటలని చెప్పినది. రెండవది మూడవదానితో, 'మొదటిది నాకు పది యని చెప్పినది' అని నిజమే పలికినది. ఇప్పుడు మూడవది ఎవరిని నమ్మవలెను? మొదటిది తనతో పదకొండనియే చెప్పెను. అబద్ధమాడినది మొదటిదా, లేక రెండవదా? దానికి తెలియు మార్గమే లేదు.

సంతకము లేని, నోటిమాట వంటి వార్తలతో పని జరుగునప్పుడు ఒక యంత్రము చెడినను తట్టుకొనుటకు నాలుగు యంత్రములు కావలెననియు, రెండింటికి ఏడు, మూడింటికి పది కావలెననియు మార్షల్ పీజ్ నిరూపించెను. ఆ ఇద్దరును, వారి సహచరుడు లెస్లీ లాంపోర్ట్ కలిసి ఈ ఫలితమును 1980లో ప్రకటించిరి. మంచి సమస్యకు మంచి కథ కూడ ఉండవలెనని లాంపోర్ట్ మతము. ఒక నగరమును ముట్టడించిన సేనానాయకులు దూతల ద్వారా వార్తలు పంపుకొని, దాడియా, తిరుగుముఖమా అన్నది నిశ్చయించుకొనవలెను. వారిలో కొందరు ద్రోహులు. ఇదియే ఆయన కల్పించిన కథ. మొదట ఆ నాయకులను అల్బేనియా వారినిగా చెప్పదలచెను. అల్బేనియా వారు ఆ దేశము వెలుపల కూడ ఉన్నారు సుమా, నొచ్చుకొందురని జాక్ గోల్డ్‌బర్గ్ అను సహోద్యోగి హెచ్చరింపగా, నొచ్చుకొనుటకు ఎవరును మిగిలియుండని బైజాంటియం సామ్రాజ్యమును ఎన్నుకొనెను. 1982 నాటి వ్యాసముతో 'బైజాంటియం సేనానుల సమస్య' అను పేరు స్థిరపడినది. నాకు మాత్రము సేనానుల కంటె ఆ గడియారములే తేలికగా బోధపడును. ఏలనన చెడిన యంత్రమునకు దురుద్దేశము ఉండదు. అది ద్రోహి వలె ప్రవర్తించుటకు ఒక సడలిన మేకు చాలును.

విమానములో ఒక సౌకర్యము కలదు. యంత్రములన్నియు ఒకే పెట్టెలో ఉన్నట్లే. ఒకటి పంపిన వార్త ఎంతలో చేరవలెనో ముందే తెలియును. ఆ గడువు దాటినను వార్త రాకున్న, పంపవలసిన యంత్రము చెడినదని నిశ్చయింపవచ్చును. ఊళ్ల నడుమ పరచిన వలలో ఆ సౌకర్యము లేదు. వార్త క్షణములో రావచ్చును, దారిలో రద్దీ ఉన్నచో చాలసేపటికి రావచ్చును. ఇట్టి చోట ఒప్పందము కుదురునా?

1983 మార్చి నెలలో అట్లాంటా నగరమున జరిగిన ఒక సదస్సులో దీనికి జవాబు వచ్చెను. మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పేటర్సన్ అను ముగ్గురు పండితులు ఒక చిన్న పత్రము సమర్పించిరి. వారు ద్రోహులను తలపెట్టలేదు. ఏ యంత్రమును అబద్ధమాడదు, ఏ వార్తయు పోదు, చెడదు, ఎప్పటికైనను చేరును. యంత్రములలో ఒక్కటి మాత్రము నడిమధ్యలో ఆగిపోవచ్చును, అంతే. ఇంత మర్యాదగల లోకములో సైతము, ఎప్పుడును ఒప్పందమునకు తప్పక చేర్చు నియత పద్ధతి ఏదియు ఉండజాలదని వారు నిరూపించిరి. మంచి పద్ధతి ఇంకను దొరకలేదని కాదు, ఎన్నటికిని దొరకదని.

దీని మర్మము గ్రహించుటకు ఒక తుంటరి తపాలా బంట్రోతును ఊహించుకొందము. వాడు ఉత్తరములను చింపడు, దిద్దడు. కాని ఏ ఉత్తరమును ముందు ఇయ్యవలెను, దేనిని సంచిలో అట్టిపెట్టవలెను అన్నది వాని ఇష్టము. యంత్రములు 'సున్న' కు గాని, 'ఒకటి' కి గాని ఒప్పుకొనవలెననుకొందము. ప్రారంభములో ఎటును మొగ్గని స్థితి ఒకటి తప్పక ఉండును. త్రాసు సమముగా నిలిచినట్లు. బంట్రోతు ఆ సమస్థితిని చెడనీయకుండ ఉత్తరములు ఇచ్చుచు పోవును. ఎప్పుడో ఒకప్పుడు త్రాసును ఒక ప్రక్కకు వాల్చు నిర్ణాయకమైన ఉత్తరము ఇయ్యవలసి వచ్చును కదా అని మీరు అడుగవచ్చును. అట్టి ఉత్తరము ఒకటి కలదనుకొని, దానిని అందుకొనవలసిన యంత్రము సరిగా అప్పుడే పలుకక ఊరకున్నదని తలపుడు. తక్కిన యంత్రములు దాని కొరకు కలకాలము కాచుకొని కూర్చుండరాదు, ఏలనన అది ఆగిపోయి ఉండవచ్చును. అవి తమలో తాము ఒక నిర్ణయమునకు రావలెను. ఆ ఉత్తరము చేరినదో లేదో వానికి తెలియదు. చేరినచో ఫలితము ఒకటి, చేరకున్నచో మరొకటి కావలసియుండగా, రెండు సందర్భములందును వారికి కనబడునది ఒక్కటే! ఈ వైరుధ్యము వలన నిర్ణాయకమైన ఉత్తరమే ఉండజాలదని తేలుచున్నది. త్రాసును సమముగా నిలుపు దారి బంట్రోతునకు ఎల్లప్పుడును దొరకును.

మౌనముగా ఉన్నది మరణించినదో, మందగించినదో చెప్పలేకపోవుట ఈ సమస్యకు మూలము. ఆ ముగ్గురి పత్రము 1985లో పూర్తిరూపమున అచ్చయినది. 2001లో ఆ రంగపు సదస్సు దానిని అత్యంత ప్రభావము చూపిన రచనగా గౌరవించెను. వారు చెప్పినదానిని అతిగా అర్థము చేసికొనరాదు. యంత్రములు ఎప్పుడును పోట్లాడుకొనునని కాదు; పోట్లాట ముగియునని హామీ ఇయ్యలేమని మాత్రమే. కాని విమానము నడుపువారికిని, ఖాతాలు నడుపువారికిని కావలసినది ఆ హామీయే కదా.

బంట్రోతునకు ఈ బలము ఎచ్చట నుండి వచ్చినది? ఏ ఉత్తరము అందిన ఏ యంత్రము ఏమి చేయునో వానికి ముందుగనే తెలియును. నియమము తప్పని యంత్రమే వాని చేతిలో కీలుబొమ్మ. ఆ యంత్రము తాను ఏమి చేయబోవునో తనకే తెలియకున్నచో?

ఈ ఊహ ఆకాశమునుండి ఊడిపడలేదు. నాణెము అంతకు పూర్వమే వలలోనికి ప్రవేశించి యుండెను. అదియు మా రేడియో ద్వారముననే. 1971 జూన్ నెలలో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ నడిపిన అలోహా అను ఏర్పాటులో, వేరువేరు దీవులలోని స్థానములు కంప్యూటరు కేంద్రముతో ఒకే రేడియో తరంగముపై మాటలాడవలెను. రెండు స్థానములు ఒకేసారి మాటలాడినచో రెండు మాటలును చెడును. చెడినవని తెలిసి ఇద్దరును అంతే సేపు ఆగి మరల పలికినచో మరల ఢీకొనును. ఇరుకు గుమ్మములో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్థులు ఒకేసారి ఇటు, ఒకేసారి అటు జరుగుట మనము చూచినదే. అబ్రామ్సన్ చెప్పిన ఉపాయము సులువైనది: ఎవరికి తోచినంతసేపు వారు, లెక్క లేకుండ, ఆగవలెను. అట్టి తరంగము సామర్థ్యములో నూటికి 18 పాళ్లకు మించి వాడుకొనలేమని లెక్క తేలినను పని జరిగెను.

ఆ పిమ్మట 1981లో డేనియల్ లేమన్, మైకేల్ రాబిన్ అను జెరూసలెం పండితులు 'భోజనము చేయు తత్త్వవేత్తలు' అను ప్రసిద్ధమైన చిక్కును నాణెముతో విప్పిరి. గుండ్రని బల్ల చుట్టు తత్త్వవేత్తలు కూర్చుండిరి. ఇద్దరి నడుమ ఒక్కొక్క ముల్లుగరిటె. తినుటకు రెండు కావలెను. అందరును ఎడమదానిని పట్టుకొని కుడిదాని కొరకు కాచుకొన్నచో అందరును పస్తే. (చేతితో తినువారికి ఈ బాధ లేదు.) అందరును ఒకే నియమమును పాటించుచు, పెద్దరికము ఎవరికిని లేనప్పుడు ఈ ప్రతిష్టంభనను తొలగించు నియత పద్ధతి లేదనియు, ముందు ఎడమదా, కుడిదా అన్నది ప్రతివాడును నాణెము వేసి తేల్చుకొన్నచో చిక్కు విడిపోవుననియు వారు చూపిరి. సరిసమానులైన వారి నడుమ తెగని తగవునకు చీటీ వేయుట మనకు క్రొత్త కాదు. ఎన్నికలలో ఇద్దరు అభ్యర్థులకు సమానముగా ఓట్లు వచ్చినప్పుడు చీటీ వేసి నిర్ణయింపవలెనని మన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెప్పుచున్నది.

అట్లాంటా సదస్సు జరిగిన అయిదు నెలలకు, 1983 ఆగస్టులో, కెనడాలోని మాంట్రియల్ నగరమున మైకేల్ బెన్-ఓర్ మూడు నాలుగు పుటలకు మించని పత్రమొకటి సమర్పించెను. లేమన్, రాబిన్‌ల పత్రము పేరులో స్వేచ్ఛగా ఎన్నుకొనుట వలని లాభముల ప్రసక్తి ఉండెను. తన పత్రమునకు బెన్-ఓర్ 'స్వేచ్ఛగా ఎన్నుకొనుట వలన మరియొక లాభము' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అందలి పద్ధతిని అయిదు యంత్రములతో చెప్పెదను. వానిలో రెండు ఆగిపోవచ్చుననుకొందము.

పని ఆవృత్తులుగా జరుగును. ప్రతి ఆవృత్తిలోను ప్రతి యంత్రము ముందుగా తన అభిప్రాయము, అనగా సున్నయో ఒకటియో, అందరికిని పంపును. పంపి, తనదానితో కలిపి మూడు ఉత్తరములు చేరువరకు ఆగును. అంతకు మించి ఆగరాదు, ఏలనన తక్కిన రెండు యంత్రములును ఆగిపోయి ఉండవచ్చును. ఆ మూడును ఒకే మాట చెప్పినచో, 'నేను దీనిని ప్రతిపాదించుచున్నాను' అని రెండవ ఉత్తరము వ్రాయును. మూడును కలియకున్నచో, 'నా ప్రతిపాదన ఏమియు లేదు' అని వ్రాయును. మరల మూడు ఉత్తరములకు ఆగును. మూడింటను ఒకే ప్రతిపాదన ఉన్నచో అదే తుది నిర్ణయముగా గైకొనును. మూడింట ఒక్కదానిలోనైనను ప్రతిపాదన ఉన్నచో తన అభిప్రాయమును విడిచి దానిని స్వీకరించి తరువాతి ఆవృత్తికి పోవును. ఏ ఉత్తరములోను ప్రతిపాదన లేనప్పుడు మాత్రమే నాణెము ఎగురవేయును. బొమ్మ పడిన ఒకటి, బొరుసు పడిన సున్న.

ఇందలి నేర్పు గమనింపుడు. ఒకే ఆవృత్తిలో ఒకరు సున్నను, మరొకరు ఒకటిని ప్రతిపాదించుట జరుగదు. అయిదింట మూడు సున్నయనియు, అయిదింట మూడు ఒకటియనియు చెప్పవలెనన్నచో ఒక యంత్రమైనను రెండు నాలుకలతో మాటలాడి యుండవలెను. ఒక యంత్రము మూడు ప్రతిపాదనలను చూచి తుది నిర్ణయము చేసెనా, అప్పుడు మరి యే యంత్రము ఏ మూడు ఉత్తరములను చూచినను వానిలో ఆ ప్రతిపాదన ఒక్కటియైనను ఉండి తీరును; కావున అన్నియు దానినే స్వీకరించి, మరుసటి ఆవృత్తిలో అదే నిర్ణయమునకు వచ్చును. నాణెము ఎట్లు పడినను ఈ న్యాయమునకు భంగము లేదు. ఎటును తోచనప్పుడే నాణెమునకు ప్రవేశము.

బంట్రోతు ఎంత మాయ చేసినను నాణెములను ముందుగా చూడలేడు. అయిదు యంత్రములును నాణెములు ఎగురవేసినచో అన్నియు ఒకే వైపున పడుటకు 16లో ఒక అవకాశము కలదు. పడినప్పుడు త్రాసు వాలును; పడనప్పుడు మరొక ఆవృత్తి. ఇట్లు ఎన్నిమారులైనను వేయవచ్చును. కలకాలము వేయుచున్నను కుదరకుండుటకు గల సంభావ్యత సున్న. ఫిషర్, లించ్, పేటర్సన్‌ల సిద్ధాంతము అబద్ధము కాలేదు. ఎన్నటికిని ముగియని దారి ఊహలో ఉండనే ఉన్నది. ప్రతిమారును నాణెములు వేరువేరుగా పడు దారి. ఆ దారిలో ఎవరును నడువరు, అంతే.

అయినను బెన్-ఓర్ పద్ధతికి పెద్ద లోపము కలదు. అయిదు నాణెములకు 16లో ఒకటియైన అవకాశము పది నాణెములకు 512లో ఒకటి యగును. నూరు నాణెములు ఒకే వైపు పడుటకు అవకాశము ముప్పది అంకెల సంఖ్యలో ఒకటి. ఆగిపోవు యంత్రములు బహు కొద్దియైనచో పని త్వరగానే ముగియునని బెన్-ఓర్ చూపెను గాని, సగముదాక ఆగవచ్చునన్న చోట అది కాగితముపై మాత్రమే పద్ధతి.

ఆ లోపమును తీర్చు మార్గమును అదే సంవత్సరము నవంబరులో, అమెరికాలోని టూసాన్ నగరమున మైకేల్ రాబిన్ చూపెను. ఎవరి నాణెము వారు ఎందుకు వేయవలెను? అందరికిని కలిపి ఒకే నాణెము ఉన్నచో చాలదా? నూరు యంత్రములైనను ఆ ఒక్క నాణెమును చూచుకొన్నచో ప్రతి ఆవృత్తిలోను త్రాసు వాలుటకు సగము అవకాశము కలదు. ఇరువది ఆవృత్తులలో ఒక్కమారైనను అది వాలకుండుటకు అవకాశము పది లక్షలలో ఒకటి కూడ లేదు. యంత్రములు ఎన్ని అన్న లెక్కతో దీనికి పనియే లేదు.

కాని ఆ నాణెమును ఎవరు వేయుదురు? ఒకరు వేసినచో ఆయనయే పెద్దమనిషి యగును. ఆయన చెడినచో అంతయు చెడును. ముందుగా వేసి దాచినచో ద్రోహులు తొంగి చూతురు. దీనికి రాబిన్, 1979లో అడి షమీర్ కనిపెట్టిన రహస్య విభజనమును వాడుకొనెను. ఒక రహస్యమును పలు ముక్కలుగా పంచవచ్చును; నియమించినన్ని ముక్కలు చేరినగాని రహస్యము బయటపడదు, అంతకు ఒకటి తక్కువైనను ఏమియు తెలియదు. పనికి పూర్వమే నమ్మకస్థుడొకడు ఎన్నో నాణెములను ఎగురవేసి, ఒక్కొక్క ఫలితమును ముక్కలు చేసి యంత్రములకు పంచి తప్పుకొనును. ఆవృత్తి వచ్చినప్పుడు యంత్రములు ముక్కలు కలుపుకొని ఆనాటి నాణెమును చూచుకొనును. పనిలో ఎవరికిని పెద్దరికము లేదు. కొందరు ద్రోహులు తమ ముక్కలు దాచినను అడ్డు లేదు.

రాబిన్‌కు ఇంకొక ఊహ కూడ ఉండెను. అదే 1983లో ప్రకటించిన మరొక వ్యాసమున ఆయన 'దీపస్తంభము' అను ఏర్పాటును వర్ణించెను. సముద్రతీరమున దీపము వెలిగి ఆరునట్లు, నియమిత కాలమునకు ఒక యాదృచ్ఛిక సంఖ్యను లోకమంతటికి ప్రసారము చేయు కేంద్రము. ఆ సంఖ్య ఏదో ముందుగా ఎవరికిని తెలియదు. వచ్చిన పిమ్మట అందరికిని ఒకేమారు తెలియును. గంట గంటకు కాలము చాటు మా వృత్తివారికి ఈ ఊహ సొంతయింటి మాట వలె వినిపించును. కాలము చాటుటలో మాత్రము శ్రోతకు ముందే తెలిసినదానిని సరిచూపుటయే మా పని. రాబిన్ దీపస్తంభము ఎవరికిని తెలియనిదానినే చాటవలెను.

2015లో డైక్‌స్ట్రా బహుమతిని బెన్-ఓర్ పత్రమునకును రాబిన్ పత్రమునకును కలిపి ఇచ్చిరి. నడుమ గడచిన కాలములో ఈ విద్య చాల పెరిగినది. వివరములలోనికి పోను. 1984లో గాబ్రియేల్ బ్రాకా, ద్రోహులు మూడవ వంతునకు తక్కువగా ఉన్నంతవరకు, కాలనియమము లేని వలలో సైతము నాణెముతో ఒప్పందము కుదురునని చూపెను. ముక్కలు పంచు నమ్మకస్థుని అవసరము కూడ లేకుండ 1988లో ఫెల్డ్‌మన్, మికాలీ అను ఇద్దరు చేసిరి. 1993లో కాలనియమము లేని వలకు వేగవంతమైన పద్ధతిని సాధించిన ఇద్దరిలో రాబిన్ కుమార్తె తాల్ రాబిన్ ఒకరు. రెండవవారు రన్ కనెటి. ఇట్టి వంశపారంపర్యము శాస్త్రములో అరుదు.

అయినను నిజము చెప్పవలెనన్నచో, యంత్రములు నడుపు ఇంజనీర్లు చాలకాలము నాణెమును ముట్టలేదు. వారు వేరొక దారి త్రొక్కిరి. వల ఎప్పుడును అస్తవ్యస్తముగా ఉండదు, ఎప్పుడో ఒకప్పుడు వార్తలు వేళకు చేరును అన్న ఆశపై ఒక నాయక యంత్రమును ఎన్నుకొని, గడువులు పెట్టుకొని పని నడపిరి. లాంపోర్ట్ వ్రాసి 1998లో అచ్చువేసిన పాక్సాస్ పద్ధతి వీనిలో ప్రసిద్ధము. వల బాగుగా లేనప్పుడు పని ఆగునే గాని తప్పు జరుగదు. ఈ దారిలో వాడుకకు నాణెము అక్కరలేదనియే తోచెను.

కాని అది వెనుక గుమ్మమున వచ్చెను. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డియేగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ అనువారు, విద్యార్థులకు తేలికగా బోధపడవలెనన్న పట్టుదలతో రాఫ్ట్ అను పద్ధతిని రచించిరి. నాయక యంత్రము మౌనము వహించినప్పుడు తక్కినవి ఎన్నిక జరుపుకొనవలెను. అన్నియు ఒకేసారి అభ్యర్థులుగా నిలిచినచో ఓట్లు చీలును. మరల ఎన్నిక, మరల చీలిక. మొదట వారు యంత్రములకు తరతమ స్థానములు ఇచ్చి చూచిరి. ఒక చిక్కు తీర్చిన మరొకటి పుట్టెను. తుదకు ప్రతి యంత్రము సెకనులో వెయ్యవ వంతులు 150 నుండి 300 వరకు, తనకు తోచినంతసేపు ఆగి నిలువవలెనని నియమించిరి. ముందు మేల్కొన్నది నాయకత్వము వహించును. హవాయి దీవులలోని రేడియో స్థానముల ఉపాయమే ఇది. పెద్ద సంస్థల కంప్యూటర్లలో ఈ రాఫ్ట్ నేడు విరివిగా వాడుకలో ఉన్నది.

సంభావ్యత అను మాట విన్నంతనే నేడు చాలమందికి బిట్‌కాయిన్ గుర్తునకు వచ్చును. 2008లో సతోషి నకమోటో అను మారుపేరుతో వెలువడిన పత్రములో దాని పద్ధతి కలదు. 2009 జనవరిలో అది ఆరంభమైనది. ఎవరు చేరుదురో, ఎందరు చేరుదురో తెలియని వలలో, లెక్కల పందెములో గెలిచినవారు ఖాతా పుస్తకమునకు తరువాతి పుట వ్రాయుదురు. ఎవరు గెలుతురన్నది లాటరీ వంటిది. ఇది కూడ నాణెముతో కుదిరిన ఒప్పందమే యని అందురు. మాట సరియే గాని, ఇచ్చట ఒక భేదమును విస్మరింపరాదని నా అభిప్రాయము. బెన్-ఓర్, రాబిన్‌ల ఒప్పందములో ఎప్పుడు కుదురునన్నది మాత్రమే సందేహము. కుదిరిన మాట కలకాలము మారదు. బిట్‌కాయిన్‌లో కుదిరినదే మారవచ్చును. వెనుకటి పుటను చింపి వేరుగా వ్రాయుటకు మోసగాడు ప్రయత్నింపవచ్చును. పుటలు పెరిగినకొలది వాని అవకాశము తగ్గును, సున్న కాదు. మొత్తము లెక్కించు బలములో పదవ వంతు మోసగాని చేతిలో ఉన్నచో, అయిదు పుటలు పైన చేరిన పిమ్మట వాడు నెగ్గుటకు అవకాశము వేయింట ఒకటి కంటె తక్కువ యని ఆ పత్రమే లెక్క కట్టినది. సంత బేరమునకు అది చాలవచ్చును. ఆ ఒకటికి బలియైనవానికి తక్కిన తొమ్మిదివందల తొంబది తొమ్మిది ఏమి ఊరట? ఒకదానిలో ఓపికను పణముగా పెట్టుచున్నాము, మరొకదానిలో మాటనే పెట్టుచున్నాము. రెండింటికిని ఒకే పేరు ఉండుట వలన ఈ సంగతి మరుగున పడుచున్నది. ఇట్టి మార్పునకు తావు లేకుండ, లాటరీతో సభ్యులను ఏరి ఆ సభచేత బైజాంటియం ఒప్పందము చేయించు ఏర్పాటును, పూర్వము చెప్పిన మికాలీయే 2017లో తన మిత్రులతో అల్గొరాండ్ అను పేర ప్రతిపాదించెను.

ఇట్లు లాటరీలు పెరిగినకొలది, అందరును నమ్మదగిన నాణెము అవసరము కూడ పెరిగినది. రాబిన్ ఊహించిన దీపస్తంభము ముప్పది యేండ్లకు నిజముగనే వెలిగినది. 2013లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ నిమిషమున కొకసారి 512 అంకెల యాదృచ్ఛిక సంఖ్యను ప్రకటించుటకు ఆరంభించెను; ఆ అంకెలన్నియు సున్నలు, ఒకట్లు. కాని అది ఒక ప్రభుత్వము చేతిలోని నాణెము. ఒకరి చేతిలో ఉండరాదని 2019లో పలు దేశముల సంస్థలు కొన్ని కూడి, రాబిన్ వలెనే రహస్యమును ముక్కలుగా పంచుకొని, కలసి నాణెము వేయ నారంభించినవి. ఆ కూటమిలో చేరిన ప్రతి సంస్థయు తనవంతు యాదృచ్ఛికతను ఏదో ఒక చోటినుండి తెచ్చుకొనవలెను. అమెరికా సంస్థ యొకటి తన శాన్‌ఫ్రాన్సిస్కో కార్యాలయములో వరుసగా పెట్టిన రంగుదీపములలో కరగి కదలు మైనపు ముద్దల ఫోటోల నుండి తెచ్చుకొనెను. చిలీ విశ్వవిద్యాలయము తెచ్చుకొన్నవానిలో ఆ దేశపు భూకంపముల కొలతలు ఒకటి. ఆ విశ్వవిద్యాలయమే నడుపు రేడియో కేంద్రము ప్రసారములు మరొకటి.